పొద్దున డోసు పారబోయకండి: కొలనోస్కోపీకి ముందు పెద్దపేగుని క్లీన్ చేస్కోవడం ఎలా

మా నాన్నకి మొదటిసారి కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, సగంలోనే ఆపేశారు. ఎడమవైపు కొంచెం దూరం వెళ్లి ఇంక ముందుకి ఏం కనపడట్లేదని స్కోప్ బయటికి తీసేసి, డాక్టర్ నన్ను లోపలికి పిలిచి స్క్రీన్ మీద ఫోటో చూపించారు. గోడంతా గోధుమరంగు బురద, దాని మధ్యలో చుట్ట చుట్టుకుపోయిన ఎర్రటి టమాటా తొక్క ఒకటి, పక్కన నాలుగైదు జామ గింజలు. ఆ తొక్క రెండ్రోజుల ముందు నేను వడ్డించిన టమాటా పప్పులోది. నాన్న పేగు కడిగే మందు రాత్రి సగం తాగారు, పదిసార్లు బాత్రూమ్‌కి తిరిగారు, నీళ్లలాగా అవుతోంది కదా ఇంక అయిపోయిందిలే అనుకుని పొద్దున తాగాల్సిన సగం సింకులో పారబోసేశారు. మాకెవరికీ తెలీదు. ఇచ్చిన కాగితంలో ఇంగ్లీషులో నాలుగు లైన్లున్నాయి అంతే, రెండో సగం ఎందుకు తాగాలో ఎవరూ చెప్పలేదు. డబ్బులు పోయాయి, సెలవు పోయింది, అరవై నాలుగేళ్ల మనిషి పదిహేను రోజులకి మళ్లీ మొదట్నుంచి అదంతా చేయాల్సొచ్చింది.

రెండోసారి పద్ధతిగా చేశాం. సెంటీమీటరు పైన ఉన్న పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే కండ) ఒకటి దొరికింది, అది కూడా కుడివైపు, అంటే మొదటిసారి స్కోప్ వెళ్లలేకపోయిన చోట. అక్కడికక్కడే తీసేశారు.

అప్పట్నుంచి మా చుట్టాల్లో, కాలనీలో ఎవరికి కొలనోస్కోపీ రాసినా ఫోన్ నాకే వస్తోంది, ప్రతిసారీ గంటసేపు చెప్తున్నా, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. నేను డాక్టర్ని కాదు, మీ కాగితంలో టైమింగులు, మందు కొలత వేరేగా ఉంటే దాన్నే ఫాలో అవ్వండి. నేను చెప్పేది ఏది ఎందుకు చేయాలో. ఎందుకో తెలిస్తే ఆ చివరి గ్లాసు కూడా తాగేస్తాం, తెలీకపోతే మా నాన్నలాగే పారబోస్తాం.

ముందు పేగు ఎట్లుంటదో తెల్సుకోండి

కూర్చున్న చోటే కుడిచేతి వేళ్లు కుడివైపు నడుం ఎముక పక్కన, పొత్తికడుపు మీద పెట్టండి. పెద్దపేగు అక్కడ మొదలవుద్ది. ఆ మొదటి సంచిని స్కూలు పుస్తకాల్లో అంధనాళం అని చదువుకున్నాం, డాక్టర్లు సీకమ్ అంటారు. దాని కింద వేలాడే చిన్న తోకే అపెండిక్స్. చిన్నపేగు వచ్చి పక్కనుంచి ఈ సంచిలోకి కలుస్తది, కలిసే చోట రెండు పెదాల్లాంటి వాల్వు ఉంటది, లోపలికొచ్చింది మళ్లీ వెనక్కి పోకుండా. ఇప్పుడు వేళ్లు నిటారుగా పైకి జరపండి, కుడి పక్కటెముకల దాకా, అక్కడ లివర్ కింద పేగు మలుపు తిరుగుద్ది. అక్కడ్నుంచి అడ్డంగా ఎడమవైపుకి. ఈ అడ్డం ముక్క బిగుతుగా ఉండదు, బట్టలారేసే తాడు మధ్యలో జారినట్టు కిందికి వేలాడి ఉంటది, కొంతమందికి బొడ్డు కిందకి కూడా జారుద్ది. ఎడమవైపు మళ్లీ పైకెక్కి పక్కటెముకల లోపల స్ప్లీన్ (ప్లీహం) దగ్గర రెండో మలుపు, ఇది కుడివైపు మలుపు కన్నా కొంచెం ఎత్తులో ఉంటది. అక్కడ్నుంచి తిన్నగా కిందికి దిగి, పొత్తికడుపులో పాములా మెలిక తిరిగి, వెనక్కి పోయి పురీషనాళం, దాని చివర మలద్వారం. అయిపోయింది, పెద్దపేగు మొత్తం చూసేశారు.

పొడవు మొత్తం అటూ ఇటూగా మీటరున్నర, చీర పన్నా కన్నా కొంచెం ఎక్కువ అనుకోండి. చిన్నపేగు దీనికి మూడు నాలుగు రెట్లు పొడవుంటది. మరి దీన్ని పెద్దపేగు అని ఎందుకన్నారంటే లావుని బట్టి. అందులోనూ మొదట్లో ఉండే ఆ సంచి అన్నిటికన్నా వెడల్పు, చివర్లో ఉండే మెలిక అన్నిటికన్నా ఇరుకు. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తది.

ఇంకోటి. పెద్దపేగు పైపులా నున్నగా ఉండదు, బుడగలు బుడగలుగా ఉంటది. లంగా బొందు లాగితే గుడ్డంతా కుచ్చిళ్లు పడుద్ది చూశారా, అదే లెక్క. పేగు బయటవైపు పొడుగునా మూడు కండరాల పట్టీలు ఉంటాయి, అవి పేగు పొడవు కన్నా పొట్టి, అందుకని పేగు ముడుచుకుపోయి కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా అరలు అరలుగా అయిపోద్ది. ఆ అరల్లోనే మలం ఆగి ఆగి ముందుకి కదుల్తది, ఆగుతుంది కాబట్టే నీళ్లు పీల్చుకోవడానికి టైం దొరుకుద్ది. మామూలు రోజుల్లో అది వరం. కొలనోస్కోపీ రోజు మాత్రం అదే ఇబ్బంది, ఎందుకంటే ప్రతి కుచ్చు వెనకాల ఓ మూల ఉంటది, ఆ మూలలో కొంచెం బురద మిగిలినా దాని కింద పాలిప్ కనపడదు.

అసలు ఇది చేసే పని

అన్నం అరగడం, ఒంటికి పట్టడం దాదాపు అంతా చిన్నపేగులోనే అయిపోద్ది. పెద్దపేగులోకి వచ్చేది పల్చటి జావలాంటిది, రోజుకి లీటరు నుంచి లీటరున్నర దాకా. అందులోంచి నీళ్లు దాదాపు మొత్తం వెనక్కి లాగేసుకుని, నూరు నుంచి రెండొందల మిల్లీలీటర్లు మాత్రమే మలంతో బయటికి పంపుద్ది. ఎలా లాగుద్దంటే ఉప్పుతో. మామిడికాయ ముక్కలకి ఉప్పు పట్టించి పెడితే తెల్లారేసరికి ఊట ఊరుద్ది కదా, ఉప్పు ఉన్న వైపుకి నీళ్లు పోతాయి. పేగు గోడలోని కణాలు సోడియంని ముందు లోపలికి లాక్కుంటాయి, దాని వెనకాలే నీళ్లు వచ్చేస్తాయి. మోషన్ వచ్చినా ఆపుకుని ఆపుకుని కూర్చుంటే గట్టిపడేది ఇందుకే, లోపల ఉన్నంతసేపూ నీళ్లు పీల్చేస్తానే ఉంటది.

ఇంక బ్యాక్టీరియా సంగతి. మనం అరిగించుకోలేని పీచు అంతా కొన్ని లక్షల కోట్ల సూక్ష్మజీవులకి తిండి. అవి ఆ పీచుని పులియబెట్టి కొన్ని చిన్న ఆమ్లాలు తయారుచేస్తాయి, వాటిల్లో బ్యూటిరేట్ అనేదే పెద్దపేగు గోడ కణాలకి ముఖ్యమైన ఆహారం. అంటే మీరు తిన్న తోటకూర, జొన్నరొట్టె మీ పేగుకే అన్నం పెడుతున్నాయన్నమాట. కొంత కె విటమిన్ కూడా ఇవి చేసిపెడతాయి. ఆ పులియడంలోంచే గ్యాస్ వస్తది, చిక్కుళ్లు, శనగలు తిన్నాక ఎక్కువయ్యేది అందుకే.

పొద్దున చాయ్ తాగితేనే మోషన్ వస్తది అనేవాళ్లు ఇంటికొకరుంటారు. అది ఉత్త అలవాటు మాత్రమే కాదు. కడుపులోకి ఏదన్నా పోయి పొట్ట సాగితే ఆ కబురు పెద్దపేగుకి అందుద్ది, రోజుకి ఒకటి నుంచి మూడుసార్లు పేగు పెద్ద అలలా ఒక్క ఊపున ముందుకి తోస్తది, రాత్రంతా ఖాళీగా ఉన్నాక పొద్దున పూట అది బలంగా ఉంటది.

వారం ముందు

డాక్టర్‌కి ఇవి చెప్పకుండా ఇంటికి రాకండి: రక్తం పల్చబడే బిళ్లలు వేస్కుంటున్నారా, షుగర్ మందు లేదా ఇన్సులిన్, బీపీ, కిడ్నీ, గుండె ఇబ్బంది, ఇంతకుముందు పొట్ట ఆపరేషన్. బ్లడ్ థిన్నర్లు మీ అంతట మీరు ఆపొద్దు, గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లకి అది ప్రమాదం, ఎప్పుడు ఆపాలో అసలు ఆపాలో వద్దో వాళ్లే చెప్పాలి. షుగర్ వాళ్లు ఆ రోజు తిండి ఉండదు కాబట్టి డోసు మార్చాలి, లేకపోతే షుగర్ పడిపోద్ది. కిడ్నీ, గుండె సమస్య ఉంటే ఏ రకం మందు ఇవ్వాలన్నదే మారిపోద్ది, పక్కింటివాళ్లు వాడగా మిగిలిన ప్యాకెట్ తెచ్చుకుని తాగే పని అస్సలు చేయొద్దు.

ఐరన్ బిళ్లలు మాత్రం దాదాపు అందరికీ ఐదు నుంచి ఏడు రోజుల ముందే ఆపమంటారు. అవి మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి, ఎంత కడిగినా గోడని వదలవు. మా నాన్నకి రక్తం తక్కువుందని ఐరన్ వేస్తున్నాం, రెండోసారికి ముందు అడిగితే గానీ ఇది తెలీలేదు.

మూడు రోజుల ముందు నుంచి తిండి

ఇక్కడే మన ఇళ్లల్లో తేడా కొట్టేది. రోజూ ఏది ఆరోగ్యమని తింటామో అదే ఈ మూడు రోజులు వద్దు. ఆకుకూరలు, గోంగూర, టమాటా, వంకాయ, బెండకాయ, పప్పులు, జొన్నరొట్టె, రాగి జావ, మొలకలు, పల్లీ చట్నీ, కొబ్బరి చట్నీ, నువ్వులు, జామ, దానిమ్మ, సీతాఫలం ఏవీ వద్దు. గింజలు, తొక్కలు అరగవు, రోజుల తరబడి ఆ కుచ్చిళ్లలో ఇరుక్కుని కూర్చుంటాయి, పైగా స్కోప్ గొట్టంలోంచి బురద లాగేటప్పుడు సన్నటి రంధ్రానికి గింజ అడ్డం పడితే మొత్తం ఆగిపోద్ది. పోపులో ఆవాలు, జీలకర్ర కూడా వద్దు, ఇది ఎవ్వరూ చెప్పరు, కానీ పెరుగన్నంలో పోపు వేసుకుని తినేసేవాళ్లే ఎక్కువ. బిర్యానీ గురించి అందరూ అడుగుతారు. ఉల్లిపాయ, పుదీనా, షాజీరా అన్నీ ఉంటాయి అందులో, నాలుగు రోజులు ఓపిక పట్టండి.

మరేం తినాలంటే తెల్లన్నం, ఇడ్లీ, పెరుగు, గింజల్లేని మెత్తటి కూర అంటే తొక్క తీసిన ఆలుగడ్డ, సొరకాయ గుజ్జు గింజ తీసేసి, బ్రెడ్డు, గుడ్డు, మెత్తగా ఉడికిన చికెన్ లేదా చేప. ఇడ్లీలోకి చట్నీ లేకపోతే ముద్ద దిగదు అంటారు నాన్న, మిరియాల చారు వడకట్టి దాంట్లో ముంచి పెట్టాం, ఇష్టంగానే తిన్నారు. మామూలుగానే మోషన్ సరిగా కాని వాళ్లకైతే ఈ మూడు రోజులు ఇంకా ముఖ్యం, ఆ సంగతి డాక్టర్‌కి చెప్తే ముందు నుంచే ఏదన్నా విరేచనాల మందు ఇస్తారు.

ముందురోజు

చాలామందికి పొద్దున తేలికపాటి టిఫిన్ దాకా ఒప్పుకుంటారు, ఆ తర్వాత తేట నీళ్లే. తేట అంటే గ్లాసు అవతల పట్టుకున్న పేపర్ చదవగలగాలి. కొబ్బరి నీళ్లు లేత కొబ్బరి లేకుండా, నిమ్మరసం వడకట్టి ఉప్పు చక్కెర వేసి, పాలు లేని టీ, వడకట్టిన ఆపిల్ జ్యూస్, ఓఆర్‌ఎస్, చారు తేట గుడ్డలో వడబోసి. మజ్జిగ తేట కిందికి రాదు. ఇరానీ చాయ్ కూడా రాదు, పాలుంటాయి. ఎర్రటివి, ఊదారంగువి ఏవీ తాగొద్దు, రూహ్ అఫ్జా, ద్రాక్ష జ్యూస్, దానిమ్మ జ్యూస్, లోపల చూసేటప్పుడు అది రక్తంలా కనపడుద్ది.

ఇది ఉపవాసంలా చేయొద్దు. నీళ్లు తాగకుండా పడుకుంటే సాయంత్రానికి తల తిరుగుద్ది, మందు పోయేసరికి ఇంకా నీరసం. గంటకో గ్లాసు ఏదో ఒకటి తాగుతానే ఉండండి, మేమైతే ఆ రోజు ఆరు కొబ్బరిబోండాలు తెచ్చి పెట్టుకున్నాం. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఏవి ఎంత తాగాలో ముందే అడిగి రాయించుకోండి.

బాత్రూమ్ కూడా రెడీ చేయాలి. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఏరియాల్లో ట్యాంక్ నిండుందో లేదో ముందే చూస్కోండి, సంపు ఖాళీ అయిన రోజు ఇది పెట్టుకుంటే నరకం. నేల మీద జారే పట్టాలు తీసేయండి, లైటు రాత్రంతా వేసే ఉంచండి, పెద్దవాళ్లైతే లోపల గడియ పెట్టొద్దని చెప్పండి. ఒరుసుకుపోతది కాబట్టి మొదటిసారి వెళ్లకముందే కొబ్బరి నూనె గానీ వాజ్‌లైన్ గానీ రాసుకోవాలి, మంట మొదలయ్యాక రాస్తే అంత పని చేయదు. నీళ్లతో కడుక్కుని మెత్తటి పాత పంచె ముక్కతో అద్దుకోవాలి, రుద్దొద్దు.

మందు తాగడం

సాధారణంగా ఇచ్చేది పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి, పెగ్ అంటారు, మెడికల్ షాపులో పెద్ద ప్యాకెట్ ఇస్తారు, మాకిచ్చినది రెండు లీటర్ల నీళ్లలో కలిపేది. కొందరికి ఇంతకన్నా ఎక్కువ రాస్తారు. ఇది పని చేసే తీరు చాలా సింపుల్. మనం పైన చెప్పుకున్నాం కదా, పేగు నీళ్లు లాగేస్తదని. ఈ పెగ్ నీళ్లని పట్టుకుని వదలదు, తను ఒంట్లోకి పోదు, తను పట్టుకున్న నీళ్లనీ పోనివ్వదు. దాంతోపాటు ఉప్పులు లెక్కప్రకారం కలిపి ఉంటాయి కాబట్టి ఒంట్లో నీళ్లు, సోడియం పెద్దగా అటూ ఇటూ అవ్వవు. ఆ రెండు లీటర్లూ పైనుంచి కింద దాకా కాలవ కడిగినట్టు పారతాయి. కాబట్టి నీళ్లు తక్కువ కలిపి చిక్కగా రెండు గ్లాసుల్లో లాగించేద్దాం అంటే కుదరదు, కడిగేది ఆ నీళ్లే.

మధ్యాహ్నమే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయండి, చల్లగా ఉంటే ఆ ఉప్పటి జిడ్డు రుచి సగం తగ్గుద్ది. అందులో చక్కెర, రసనా లాంటివి కలపొద్దు. పావు లీటరు గ్లాసు పది పదిహేను నిమిషాలకొకటి, చప్పరిస్తూ కాకుండా గటగటా, మధ్యలో నిమ్మచెక్క నాకితే రుచి పోద్ది. స్ట్రా నాలుక వెనక్కి పెట్టి తాగితే కూడా ఈజీ. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య హాల్లో అటూ ఇటూ నడవాలి. మొదటి మోషన్ గంటకి రావచ్చు, రెండు మూడు గంటలు పట్టొచ్చు, రాలేదని కంగారు పడకండి. వాంతి వచ్చినట్టుంటే అరగంట ఆపి మెల్లగా మొదలుపెట్టండి. కానీ పొట్ట గట్టిగా ఉబ్బిపోయి, భరించలేని నొప్పి వచ్చి, మోషన్ మాత్రం ఒక్కటీ రాకపోతే తాగడం ఆపేసి వెంటనే హాస్పిటల్‌కి ఫోన్ చేయాలి, లోపల ఎక్కడన్నా అడ్డం ఉందేమో చూడాలి.

రాత్రికి సగం. మిగతా సగం పొద్దున, ప్రొసీజర్‌కి నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టాలి. ఇప్పుడు అసలు విషయం.

రాత్రి మందుతో పేగు కడుక్కుపోయింది. మరి మీరు పడుకున్నాక చిన్నపేగు ఊరుకోదు కదా, పైత్యరసం, జిగురు, మిగిలిపోయిన జావ అంతా కొంచెం కొంచెంగా ఆ వాల్వు దాటి వస్తానే ఉంటది. అదొచ్చి ఎక్కడ పడుద్ది? మీ వేళ్లు మొదట పెట్టిన చోట, కుడివైపు సంచిలో, అన్నిటికన్నా వెడల్పైన చోట. తెల్లారేసరికి అక్కడ పచ్చటి జిగట పూతలా గోడకి అంటుకుని ఉంటది. తిండి సరిగ్గా చూసుకున్నవాళ్లకి ఎడమవైపు శుభ్రంగానే ఉంటది, బయటికొచ్చేది నీళ్లే కాబట్టి మనకి అంతా అయిపోయినట్టే అనిపిస్తది, కుడివైపు మాత్రం పూత పడిపోయి ఉంటది. పొద్దున డోసు దాన్ని కడగడానికే. మా నాన్న పారబోసింది అదే. రెండోసారి అక్కడ పనిచేసే సిస్టర్ ఒకావిడ ముందురోజు ఫోన్‌లో "అంకుల్, రాత్రిది సగం పనే, పొద్దున లీటరే మాకు ముఖ్యం" అని చెప్పింది, ఆ ఒక్కమాటే నాన్నకి బాగా ఎక్కింది.

ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి లేపాను. వంటగదిలో లైటు వేసి స్టూలు మీద కూర్చున్నారు, నాలుగు గ్లాసులు వరసగా గట్టు మీద పెట్టాను, ఫ్రిజ్ చల్లదనానికి గ్లాసులకి చెమట పట్టింది. మూడు తాగారు. నాలుగోది పట్టుకుని చాలాసేపు చూశారు, "ఇది ఆ మూలకి పోయేదేనా" అని కుడివైపు పొట్ట మీద చెయ్యేసి అడిగారు, అవును నాన్నా అన్నాను, కళ్లు మూసుకుని తాగేశారు.

క్లీన్ అయిందని ఎలా తెలుసుద్ది? మొదట గట్టిది, తర్వాత బురద, తర్వాత డికాక్షన్ రంగు నీళ్లు, చివరికి పల్చటి నిమ్మరసం రంగు, అడుగు కనపడేంత తేటగా. పసుపు రంగు ఉంటే పర్లేదు, అది పైత్యం. రేణువులు, ముక్కలు తేలుతుంటే, లేదా నీళ్లు మబ్బుగా ఉంటే హాస్పిటల్‌కి ఫోన్ చేసి చెప్పండి, ఏం చేయాలో చెప్తారు, అక్కడికెళ్లాక దాచొద్దు. మత్తు ఇస్తారు కాబట్టి కాగితంలో ఏ టైం దాకా తాగొచ్చని ఉందో ఆ టైంకి, కనీసం రెండు గంటల ముందే, తాగడం ఆపేయాలి, ఆ తర్వాత గుక్కెడు నీళ్లు కూడా వద్దు.

దారి

మేముండేది హైదరాబాద్‌లో వనస్థలిపురం, హాస్పిటల్ ఊరికి అటు చివర. పదింటికి స్లాట్ తీసుకుని నాలుగింటికి మొదలుపెట్టి ఐదుంపావుకల్లా తాగడం అయిపోగొట్టాం, ఏడున్నరకల్లా మోషన్లు తగ్గాయి, ఎనిమిదికి బయల్దేరాం. మొదటి మెట్రో ట్రెయినుకే పోదామని పొద్దున ఏడింటి స్లాట్ తీసుకున్న మా బాబాయి మాత్రం దిల్‌సుఖ్‌నగర్ దాటకముందే దిగాల్సొచ్చింది. దూరం ఉన్నవాళ్లు మరీ పొద్దున్నే స్లాట్ తీసుకోకండి. పెద్దవాళ్లకి డైపర్ వేయండి, మొహమాటం వద్దు, ఒక జత బట్టలు, పాత తువ్వాలు సంచిలో పెట్టుకోండి. మత్తు వల్ల ఆ రోజంతా బండి నడపకూడదు, తోడు మనిషి తప్పనిసరి. ప్రైవేటే కానక్కర్లేదు, నిమ్స్‌లో, ఉస్మానియాలో, గాంధీలో కూడా గ్యాస్ట్రో విభాగాలున్నాయి, డేటు దొరకడానికి టైం పట్టొచ్చు కాబట్టి ముందే అడగండి.

లోపల ఏం చేస్తారు

ఎడమవైపు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకోమంటారు, సెలైన్‌లో మత్తు. స్కోప్ వేలు మందం ఉంటది, చివర కెమెరా, లైటు. మీరిందాక వేళ్లతో వెళ్లిన దారిలోనే అది తిరుగు ప్రయాణం చేస్తది. కింద మెలికే కష్టమైన భాగం, అక్కడ మెల్లగా తిప్పుకుంటూ పోతారు. అడ్డం ముక్కలోకి వచ్చేసరికి లోపల దారి మూడు మూలలుగా, సమోసా ఆకారంలో కనపడుద్ది, ఆ మూడు పట్టీల వల్లే. లివర్ మలుపు దగ్గర గోడ అవతల లివర్ నీలంగా నీడలా తెలుస్తది. చివరికి సీకమ్‌లో ఆ మూడు పట్టీలు ఒకచోట కలిసి, మధ్యలో చిన్న కన్నం, అదే అపెండిక్స్ నోరు. దాని ఫోటో రిపోర్టులో ఉంటే చివరిదాకా వెళ్లినట్టు.

అసలు వెతకడం వెనక్కి వచ్చేటప్పుడు. వెనక్కి రావడానికే కనీసం ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు పెట్టాలని లెక్క, ప్రతి కుచ్చు వెనక్కీ చూస్కుంటూ. పాలిప్ కనపడితే సన్నటి తీగ ఉచ్చు వేసి బిగించి తీసేస్తారు. 1969లో న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమీ షిన్యా అనే ఇద్దరు డాక్టర్లు ఈ దారి తెరిచారు, అంతకుముందు లోపలి పాలిప్ తీయాలంటే పొట్ట కోయాల్సిందే. పేగు లోపలి పొరకి కోత నొప్పి తెలీదు, గాలితో సాగితేనే తెలుస్తది, అందుకే తీసినట్టు కూడా మనకి తెలీదు. ఇలాంటి పాలిప్పుల్లో కొన్ని క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ల దాకా పడుద్ది, అంటే అడ్డుకోవడానికి మనకి చాలా టైం ఉంది, చూసుకుంటేనే.

నాన్నకి రక్తం పడుతుంటే ఏడాదిపాటు మొలలే అనుకుని ఏవేవో పసర్లు వాడాం. మొలలు కూడా ఉన్నాయి నిజమే, కానీ అవొక్కటే కాదు. రక్తం పడినా, కారణం తెలీకుండా హిమోగ్లోబిన్ తగ్గినా, మోషన్ తీరు మారిపోయి వారాల తరబడి అలాగే ఉన్నా వెళ్లి చూపించుకోండి. అమెరికాలో అయితే ఏ ఇబ్బందీ లేకపోయినా 45 ఏళ్లకే పరీక్షలు మొదలెట్టమని 2021 నుంచి చెప్తున్నారు. తల్లిదండ్రులకి, తోబుట్టువులకి పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే 40కే, లేదా వాళ్లకి వచ్చిన వయసుకి పదేళ్ల ముందే, ఏది ముందైతే అది.

ఇంటికొచ్చాక

పొట్టలో గాలి ఉంటది, పోనివ్వండి, అక్కడే వార్డులోనే, సిగ్గు పడితే ఉబ్బరం మనకే. అటూ ఇటూ నడిస్తే తొందరగా పోద్ది. మొదట పెరుగన్నం, ఇడ్లీ, మర్నాటి నుంచి మెల్లగా మామూలు తిండి. రెండు మూడు రోజులు మోషన్ రాకపోవచ్చు, లోపల ఏం లేదు కదా. కడుక్కుపోయిన బ్యాక్టీరియా కొన్ని వారాల్లో మళ్లీ కుదురుకుంటది, ఆకుకూరలు, జొన్నరొట్టె మళ్లీ మొదలుపెట్టండి, వాటి తిండి అదే. పొట్టనొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, రక్తం గడ్డలుగా పడినా రాత్రైనా సరే ఎమర్జెన్సీకి పోవాలి, పాలిప్ తీసినవాళ్లకి రెండు వారాల దాకా ఈ జాగ్రత్త ఉండాలి.

రిపోర్టు చేతికొచ్చాక మూడు చూడండి: సీకమ్ దాకా వెళ్లారా, క్లీనింగ్ ఎట్లుంది, ముక్క తీస్తే బయాప్సీ, అంటే ఆ ముక్కని పరీక్షించిన రిపోర్టు, ఎప్పుడొస్తది. క్లీనింగ్‌కి చాలాచోట్ల మార్కులేస్తారు, కుడి, మధ్య, ఎడమ ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం తొమ్మిది. ఒక్కోచోట రెండుకి తగ్గకూడదు. నాన్నకి మొదటిసారి రిపోర్టులో కుడివైపు ఖాళీ గడి. రెండోసారి కుడివైపు మూడు, మొత్తం ఎనిమిది. బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చింది, మూడేళ్లకి మళ్లీ రమ్మన్నారు, ఆ తేదీ నాన్నే ఫైలు అట్ట మీద పెద్దక్షరాలతో రాసుకున్నారు, దాని కింద "టమాటా వద్దు, నాలుగో గ్లాసు తాగాలి" అని కూడా.